గండి లేకుండానే గండి కేక

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "మా మామకు ముందు పిక్క వాచింది, రక్తం గడ్డకట్టిందన్నారు. కొన్ని నెలలకు క్లోమంలో క్యాన్సర్ బయటపడింది. రెండిటికీ ఏమన్నా సంబంధం ఉందా సార్?"

ఉంది. పారిస్ వైద్యుడు ఆర్మాన్ ట్రూసో 1865లోనే ఈ జంట గురించి పాఠం చెప్పాడు. తర్వాత తన సిరలోనే గడ్డ కనబడితే తనకూ క్యాన్సరేనని తేల్చుకున్నాడు. 1867లో జీర్ణాశయ క్యాన్సర్‌తోనే పోయాడు.

రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను, అంటే ఫ్యాక్టర్లను, వరసగా ఏకరువు పెట్టను. ఒకటి నుంచి పదమూడు దాకా బట్టీ కొట్టిస్తారు. అందులో ఆరు లేనే లేదు, ఎందుకు లేదో ఏ అయివారూ చెప్పడు. దానికంటే పోరుమామిళ్ల చెరువు మేలు. కట్టకు గండి పడితే ఎవరో ఒకరు కేక వేస్తారు, ఊరంతా తట్టలతో మట్టి మోసుకొస్తుంది. మన ఒంట్లో ఆ కేక పేరు టిష్యూ ఫ్యాక్టర్. ఈ ప్రొటీన్ మామూలుగా రక్తనాళం బయటి కణాల మీద ఉంటుంది. నాళం తెగితేనే రక్తానికి తగిలి ఏడో ఫ్యాక్టర్‌ను పట్టుకుంటుంది. ఆ వెనకే రక్తంలోని చిన్న కణాలైన ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ దారాలు తట్టల కొద్దీ వచ్చి పడతాయి.

చాలా క్యాన్సర్ కణాలు ఇదే ప్రొటీన్‌ను తమ ఒంటినిండా మొలిపించుకుంటాయి, చిన్న బుడగలుగా రక్తంలోకీ వదులుతాయి. గండి లేదు, కేక ఉంది. వచ్చిన మట్టంతా కేక వేసినవాడి మీదే పడుతుంది. వాడికి కావాల్సిందీ అదే! ప్లేట్‌లెట్ల కింద దాక్కున్న కణాన్ని రోగనిరోధక కణాలు సరిగా పోల్చుకోలేవు. పైగా ప్లేట్‌లెట్లు వదిలే టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ ఆ కణానికి కదిలే గుణాన్ని నేర్పుతుంది.

కేకను అదుపు చేసే నీరుగంట్లు లేరా? ఉన్నారు, గడ్డకట్టడాన్ని అదుపు చేసే ప్రొటీన్లు: టీఎఫ్‌పీఐ, యాంటీథ్రాంబిన్, ప్రొటీన్ సి. ఫైబ్రిన్ దారాలను తయారుచేసే ఎంజైమ్ థ్రాంబిన్ సంగతైతే మరీ విచిత్రం. క్యాన్సర్ కణం మీది పీఏఆర్-1 గ్రాహకం కొనను అది తెంపితే, మిగిలిన కొత్త కొన వంగి అదే గ్రాహకంలో దూరి కణాన్ని ఎగదోస్తుంది. అదే థ్రాంబిన్‌ను నాళం గోడ మీది థ్రాంబోమాడ్యులిన్ పట్టుకుంటే, ప్రొటీన్ సి‌ని లేపి గడ్డకట్టడాన్ని ఆపిస్తుంది. పీఏఐ-1 ఇంకో చిక్కుముడి. కణజాలాన్ని కరిగించి క్యాన్సర్ పాకడానికి దారిచ్చే యూరోకైనేజ్‌ను అడ్డుకునే ప్రొటీన్ అది. క్యాన్సర్‌ను ఆపాలి కదా? రొమ్ము క్యాన్సర్‌లో అది ఎక్కువగా ఉన్నవాళ్లకే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ.

ఒక కాలే ఉన్నట్టుండి వాస్తే దిష్టి అని తాయెత్తు కట్టొద్దు, వాతమని నూనె పెట్టి పిసకొద్దు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. సిరలో గడ్డ ఉందేమో చూపే డాప్లర్ స్కాన్ తీయించండి. కాలు వాచిన ప్రతివారికీ క్యాన్సర్ ఉండదు లెండి.

ఇలాంటి గడ్డలకు పొట్ట మీద పొడిచే హెపారిన్ సూది యాంటీథ్రాంబిన్‌కు బలమిస్తుంది. గడ్డను అదుపులో పెడుతుంది గానీ, ఆయుష్షు పెంచుతుందని పరీక్షల్లో నిలకడగా తేలలేదు. ఇప్పుడు ఆ కేకనే గుర్తుపట్టి విషం మోసుకెళ్లే యాంటీబాడీ వచ్చింది: టిసోటుమాబ్ వెడోటిన్. 2021లో అమెరికా అనుమతించింది, అదీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు. క్లోమానికి కాదు.