కోడ్ ఇచ్చారు సరే, సంతకం ఎవరిది?

పేటెంట్ కేసుల్లో సోర్స్‌కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామ్) ఎదుటి పక్షానికి చూపించే పంచాయితీ మళ్లీ రాజుకుంది. వాదనలు జరిగేది అమెరికా కోర్టుల్లోనే అయినా, కోడ్ రాసిన టీమ్ మాధాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉంటే సెగ ఇక్కడికీ తగులుతుంది. అక్కడి సివిల్ ప్రొసీజర్ రూల్ 34 ప్రకారం కేసుకు సంబంధించి అడిగినది కంపెనీ అదుపులో ఉంటే ఇవ్వాల్సిందే. ఇండియా సబ్సిడరీ సర్వర్లో ఉందన్న సాకు సాధారణంగా నిలవదు.

కంపెనీల వాదన అందరికీ తెలిసిందే: కోడ్ మా ప్రాణం, బయటికి పొక్కితే మునిగిపోతాం. భయం నిజమే గానీ దానికి మందు ఏనాడో దొరికింది. ఉత్తర కాలిఫోర్నియా జిల్లా కోర్టు నమూనా ప్రొటెక్టివ్ ఆర్డర్ (రహస్యాలు ఎవరు, ఎలా చూడాలో చెప్పే ఉత్తర్వు) చూడండి. తాళం వేసిన గది, నెట్ లేని కంప్యూటర్, ఆఫీసు వేళల్లోనే ప్రవేశం, అవసరమైన కొద్ది భాగానికే ప్రింటు, ఎవరు వచ్చారో ఎవరు పోయారో లెక్క. రహస్య సాంకేతిక సమాచారం చూసినవాళ్లు కేసు ముగిశాక రెండేళ్ల దాకా ఆ రంగంలో పేటెంట్ దరఖాస్తులు రాయకూడదన్న నిషేధం కూడా అందులో ఉంది.

అసలు తంటా ఆ గదిలో కూర్చున్నాకే మొదలవుతుంది. చూడ్డానికి వచ్చిన నిపుణుడి ముందు లక్షల లైన్లు ఉంటాయి, వెతికే టూలు ఉండదు. ఫోల్డర్ల అమరిక చెదిరిపోయి ఉంటుంది. కోడ్‌ను నడిచే సాఫ్ట్‌వేర్‌గా మార్చే బిల్డ్ స్క్రిప్టులు రావు. ఒకే ఫైల్లో నాలుగు మోడళ్ల కోడ్ ఇఫ్‌డెఫ్‌ల (ఏ మోడల్‌కు ఏ ముక్క తీసుకోవాలో చెప్పే షరతుల) మధ్య ఇరుక్కుని ఉంటే, అమ్మిన ఫోన్లోకి ఏ ముక్క వెళ్లిందో బిల్డ్ కాన్ఫిగరేషన్ లేకుండా చెప్పడం ఎవరి తరమూ కాదు. రోజంతా చూసి తెచ్చుకున్న ప్రింటు మీద ఫైల్ పాత్, లైన్ నంబరు లేకపోతే ఆ శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

ఆలస్యానికి శిక్ష పడిన సందర్భమూ ఉంది. ఆపిల్ వేసిన కేసులో, పేటెంట్లను తప్పించుకునేలా మార్చిన కోడ్‌ను శాంసంగ్ 2011 డిసెంబర్ 31 గడువులోగా ఇవ్వలేదు. 2012 మేలో మేజిస్ట్రేట్ జడ్జి పాల్ గ్రెవాల్ ఆ మార్పుల గురించిన సాక్ష్యమే వాడొద్దన్నారు. చాలామంది మలుపు ఇదే అంటారు. ఇవ్వనివాళ్లకి ఏమవుతుందో మాత్రమే అది చెప్పింది.

మలుపు 2021 ఏప్రిల్‌ది. వైలాన్ అనే కంపెనీ షార్ప్, విజియో స్మార్ట్ టీవీల మీద 2015లో డెలావేర్‌లో కేసులు వేసింది. కీలకమైన కోడ్ టీవీలు చేసేవాళ్ల దగ్గర లేదు, చిప్ తయారీదారుల దగ్గర ఉంది. దానికోసం వైలాన్ ఆ చిప్ కంపెనీల మీదా వేరే దావాలు వేసింది. ప్రింటవుట్లు, వాటితో పాటు ఆ కంపెనీల ఉద్యోగుల ప్రమాణపత్రాలు చేతికొచ్చాక ఆ దావాలు వదిలేసుకుంది. తీరా చూస్తే ఆ ఉద్యోగులెవరూ విచారణకు వచ్చి సాక్ష్యం చెప్పే పరిస్థితి లేదు. దావా కోసం రాయించుకున్న కాగితం బోనులో చెప్పే మాటకు బదులు కాదనీ, ప్రింటవుట్లు వ్యాపారంలో మామూలుగా రాసుకునే రికార్డుల కింద చెల్లవనీ పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తేల్చింది. మా నిపుణుడు వాటి మీద ఆధారపడ్డాడు కాబట్టి సాక్ష్యంగా తీసుకోండన్న వైలాన్ వాదనా నెగ్గలేదు. కోడ్ చేతిలో ఉండి కూడా కేసు పోయింది.

అప్పటి నుంచి ప్రతివాదులకు కొత్త దారి దొరికింది: గది తలుపు తీస్తారు, ప్రింటూ ఇస్తారు, ‘ఇది మేం అమ్మినదే’ అని చెప్పే మనిషిని మాత్రం ఇవ్వరు. వాదులు ఇప్పుడు ఫలానా వెర్షన్ తెలిసిన ఇంజినీర్‌ను కూర్చోబెట్టి అడుగుతామని పట్టుబట్టేది ఇందుకే. ఆ ఇంజినీర్ హైదరాబాద్‌లో ఉంటే వీసా, టైమ్‌జోన్, ఉద్యోగం మారిపోవడం అన్నీ అడ్డమొస్తాయి.

ఇక్కడ జరిగే పొరపాటు మామూలుగా ఇలా ఉంటుంది. లీగల్ నుంచి మెయిల్ రాగానే ఎవరో కోడ్ మార్పులను దాచే గిట్‌లోని ఆర్కైవ్ కమాండ్‌తో మెయిన్ బ్రాంచ్‌ను (ప్రస్తుతం పని జరుగుతున్న ప్రధాన కాపీని) జిప్ చేసి పంపేస్తారు. అది ఇవాళ్టి కోడ్, అమ్మిన రోజుది కాదు. పైగా అందులో కమిట్ చరిత్ర (ఏ మార్పు ఎప్పుడు ఎవరు చేశారన్న లెక్క) రాదు, వేరే చోట ఉండే కోడ్‌ను కలిపే సబ్‌మాడ్యూల్ ఫోల్డర్లు ఖాళీగా వస్తాయి. పంపాల్సింది రిలీజ్ ట్యాగ్ (విడుదలైన వెర్షన్ గుర్తు), కమిట్ హ్యాష్ (ఆ వెర్షన్‌ను గుర్తించే సంఖ్య), ఏ మోడల్‌కు ఏ బిల్డ్ అన్న పట్టిక, కాపీ తీసినవాళ్ల పేరు, తేదీ.

మన చట్టం ఈ విషయంలో కాస్త ముందే ఉంది. 2022 నాటి ఢిల్లీ హైకోర్టు ఐపీ డివిజన్ నిబంధనలు కాన్ఫిడెన్షియాలిటీ క్లబ్‌కు (రహస్య పత్రాలు ఎంపిక చేసిన కొందరే చూసే ఏర్పాటుకు) వీలిచ్చాయి కాబట్టి రహస్యం సంగతి అక్కడ సర్దుకుంది. సాక్ష్యం సంగతి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63లో ఉంది. 2024 జూలై 1 నుంచి ఎలక్ట్రానిక్ రికార్డుకు రెండు భాగాల సర్టిఫికెట్ కావాలి: ఒకటి దాఖలు చేసే పక్షం నుంచి, రెండోది నిపుణుడి నుంచి. రెండింటిలోనూ హ్యాష్ విలువ (ఫైల్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. అదే ఫోల్డర్‌ను నెల తర్వాత మళ్లీ జిప్ చేస్తే లోపల ఒక్క టైమ్‌స్టాంప్ తేడా వచ్చినా హ్యాష్ మారిపోతుంది. కాపీ తీసిన రోజే దాన్ని లెక్కగట్టి రాసుకోకపోతే, తర్వాత సంతకం పెట్టమన్నప్పుడు మొదటి భాగానికే ఎవరూ ముందుకు రారు.