మూడు సిస్టమ్‌లు ఎందుకు, నాలుగోది ఎవరికి

2024 పత్తి సీజన్‌లో యవత్మాల్ జిల్లాలోని ఒక జిన్నింగ్ మిల్లు కాంటా దగ్గర ఒక పెద్దాయన నా చేతిలో చిట్టీ పెట్టాడు. పెన్‌గంగ దాటి, ఆదిలాబాద్ జిల్లా బేల వైపు నుంచి వచ్చాడు. బండి నంబరు, 22 క్వింటాళ్లు, తేమ 8 శాతం, అన్నీ సరిగానే ఉన్నాయి. "ఇరవై రోజులాయె బిడ్డా, లెక్కల్లనే లేదంటున్నరు" అన్నాడు. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. ఆ లెక్కన లక్షా అరవై అయిదు వేలు దాటిన సొమ్ము.

చిట్టీ పైమూల చిన్న అక్షరాల్లో సిస్టమ్ పేరు చూశాక గుండె జారింది. అది టెస్ట్ సిస్టమ్‌లో, అంటే అసలు లెక్కల్లోకి పోని పరీక్షల కాపీలో, తూచిన బండి. ఆ పొద్దున కాంటా మీద కొత్త కుర్రాడికి ఎంట్రీ నేర్పించారు. నేర్పించిన స్క్రీన్ మూయలేదు, రెండింటికీ ప్రింటర్ ఒకటే. గేటు దగ్గర చేత్తో రాసే రిజిస్టరులో బండి నంబరు దొరకబట్టి సరిపోయింది కానీ, ఆయన ఇంకో ఎనిమిది రోజులు ఆగాల్సి వచ్చింది.

తప్పు కుర్రాడిది కాదు. సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు "రెండు సిస్టమ్‌లు చాలు" అనుకున్నారు. ఒకదాంట్లో తయారీ, పరీక్ష, శిక్షణ మూడూ. రెండోదాంట్లో అసలు వ్యాపారం. ఎన్ని కావాలనే ఈ ప్రశ్న పాతది. దాని వెనక యాభై ఏళ్ల కథ ఉంది.

1972లో ఐబీఎం వదిలి వచ్చిన అయిదుగురు ఇంజినీర్లు జర్మనీలో ఎస్‌ఏపీ అనే వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ కంపెనీ మొదలుపెట్టారు. ఆ మిల్లులో ఉన్నదీ వాళ్ల సాఫ్ట్‌వేరే. 1979లో వచ్చిన వాళ్ల సాఫ్ట్‌వేర్ ఆర్/2, మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీద నడిచేది. ఆ యంత్రం ఖరీదుకి రెండోది కొనే మాట ఎత్తడమే కష్టం. అందుకని ఒకే యంత్రంలో గదులు కట్టుకున్నారు. ఆ గదిని జర్మన్‌లో మాండంట్ అన్నారు, మనవాళ్లు క్లయింట్ అంటారు. ఇవాళ్టికీ ఎస్‌ఏపీలో వ్యాపార డేటా ఉండే ఏ టేబుల్ తెరిచినా మొదటి కాలమ్ పేరు దాదాపు ఎప్పుడూ మాండంటే. పరీక్షకో గది, అసలు లెక్కకో గది.

అయితే గదులు వేరైనా వంటిల్లు ఒకటే. డేటా గదికి గదికి విడివిడిగా ఉంటుంది. ప్రోగ్రాములు మాత్రం యంత్రం మొత్తానికీ ఉమ్మడి. టెస్ట్ గదిలో కూర్చుని తేమ కోత ప్రోగ్రామ్‌ను మార్చితే, అదే క్షణం అసలు గదిలో కూడా మారిపోతుంది. పత్తి కొనుగోలులో ఇది చిన్న విషయం కాదు. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ కాటన్ కార్పొరేషన్ పద్ధతిలో 8 శాతం తేమ దాకా పూర్తి ధర, ఆపైన 12 దాకా కోత, 12 దాటితే కొనరు. ప్రోగ్రామ్‌లో ఆ 8 దగ్గర ఒక్క గుర్తు అటూ ఇటూ అయితే బారులో ఉన్న ప్రతి బండికీ డబ్బు తేడా వస్తుంది.

1992లో దాని తర్వాతి తరం ఆర్/3 వచ్చి మెయిన్‌ఫ్రేమ్ అవసరం తగ్గించింది. చిన్న సర్వర్లు విడిగా కొనుక్కోవచ్చు. అప్పుడే మూడు సిస్టమ్‌ల వరస స్థిరపడింది: తయారుచేసేది, పరీక్షించేది (టెస్ట్), అసలు వ్యాపారం నడిపించేది (ప్రొడక్షన్). మార్పును ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మోయడానికి ట్రాన్స్‌పోర్ట్ ఉంది. డీఈవీకే900123 లాంటి నంబరు దానికి పడుతుంది. విడుదల చేయగానే రెండు ఫైళ్లుగా బయటికొచ్చి, ముందు టెస్ట్‌లోకి, తర్వాత ప్రొడక్షన్‌లోకి అదే రూపంలో వెళుతుంది. టెస్ట్‌లో చూసిందే ప్రొడక్షన్‌లోకి వెళ్లిందని నమ్మకంగా చెప్పగలిగేది దీనివల్లే. మధ్య సిస్టమ్ తీసేస్తే ఆ నమ్మకం కూడా పోతుంది.

వైటూకే రోజుల్లో, అంటే 2000 రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయని భయపడ్డప్పుడు, ఇంకో అవసరం తెలిసొచ్చింది. గడియారాన్ని 2000కి జరిపి చూడాలంటే నలుగురు పనిచేస్తున్న సిస్టమ్‌లో కుదరదు, విడిగా ఒకటి కావాలి. 1999లో అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షే 48 నెలల పనిని 30 నెలలకు కుదించి, పరీక్షలు తగ్గించి, పండగ ఆర్డర్లు ముంచుకొచ్చే జులైలో కొత్త సిస్టమ్‌లను ప్రారంభించింది. గోదాముల్లో సరుకు ఉండి కూడా 10 కోట్ల డాలర్లకు పైగా ఆర్డర్లు సమయానికి పంపలేకపోయింది. 2002లో కంపెనీల లెక్కల మీద అమెరికాలో సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం వచ్చాక, ప్రోగ్రామ్ రాసినవాడే ప్రొడక్షన్‌లో చేయి పెడితే ఆడిటర్లు ఊరుకోవడం మానేశారు. మన దగ్గరా 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో జాడ ఉండి తీరాలి.

మరి ఎక్కువ పెట్టుకుంటే నష్టమా? అవును, ఖర్చు ఉంది. 2015లో వచ్చిన ఎస్‌ఏపీ కొత్త సాఫ్ట్‌వేర్ ఎస్/4 హానాలో డేటా అంతా మెమరీలో ఉంటుంది కాబట్టి, ప్రొడక్షన్ అంత పెద్ద టెస్ట్ కాపీ కావాలంటే మెమరీ కూడా దగ్గర దగ్గర అంత కావాలి. క్లౌడ్‌లో కొత్త సిస్టమ్ తొందరగానే వస్తుంది, నెలనెలా బిల్లూ వస్తుంది. పైగా ప్రతి కాపీలో రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశాక వాటిని చెరిపో మార్చో పెట్టకపోతే మనకే చుట్టుకుంటుంది.

నా మాట సూటిగా చెబుతాను. మూడు కంటే తగ్గించకూడదు. ఈ సరిహద్దు పట్టీలో నాలుగోది, శిక్షణది, మరీ ముఖ్యం. మా కాంటా కుర్రాళ్లు ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, డ్రైవర్లతో హిందీ మాట్లాడతారు. స్క్రీన్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. వాళ్లకు పదిసార్లు తప్పు చేసే చోటు కావాలి, ఆ తప్పు ఏ రైతుకీ తగలకూడదు. ఆ మిల్లులో తర్వాతి దసరాకి ముందే అది పెట్టారు. స్క్రీన్ రంగు వేరు. కాంటా ప్రింటర్‌కి తగిలించలేదు. చిట్టీ గులాబీ కాగితం మీద వస్తుంది, అడ్డంగా "శిక్షణ" అని ఉంటుంది.

ఇప్పుడు అయిదోదాని మాట నడుస్తోంది. హానాకి ముందు తరం ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ ఈసీసీకి మామూలు సపోర్ట్ 2027 చివరితో ఆగుతుంది, హానాకి మారాలి. మారేదాకా పాతది రిపేరు చేసుకోవడానికి ఒక వరస, కొత్తది కట్టుకోవడానికి ఒక వరస. పాతదాంట్లో చేసిన ప్రతి దిద్దుబాటూ కొత్తదాంట్లో మళ్లీ చేయాలి. మర్చిపోతే అదే తప్పు గో-లైవ్ రోజు, అంటే కొత్తది అసలు పనికి ఎక్కిన రోజు, తిరిగొస్తుంది. అందుకే ఆ పని కొనుగోళ్లు సద్దుమణిగిన మార్చి తర్వాత మొదలుపెట్టి, దసరాకి ముందే ముగించమని అడుగుతున్నాను. పత్తి బండ్లు బారు కట్టిన నెలల్లో రెండు వరసలు నడపడానికి అక్కడ ఉన్నది నలుగురే.