నత్తగుల్ల దొరికిన చోటల్లా సముద్రం లేదు: అపోహలు - వాస్తవాలు

శిలాజాల మీద పనిచేస్తానని తెలియగానే హైదరాబాద్‌లో చాలామంది ఫోనులో ఒక రాతి ఫొటో చూపించి, "ఇక్కడ సముద్రం ఉండేదా అండీ?" అని అడుగుతారు. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న అది.

అపోహ: రాతిలో నత్తగుల్లలు ఉంటే అక్కడ సముద్రం ఉన్నట్లే.

ముందు అది ఏ నత్తో తేలాలి. దక్కన్ లావా పొరల మధ్య విరివిగా దొరికే ఫైసా మంచినీటి నత్త. ఒక లావా ప్రవాహం చల్లారి మరొకటి వచ్చేలోపు ఏర్పడిన చెరువుల్లో బతికింది. వికారాబాద్ దగ్గరి నస్కల్ పొర కూడా అలాంటిదే. దక్కనోలెస్టెస్ అనే చిట్టి క్షీరదం పళ్లు అక్కడే దొరికాయి. ఆ సంగతి 1988లో వెలువడింది.

రాజమండ్రికి ఎదురుగా, గోదావరి పడమటి వైపు కథ వేరు. దుద్దుకూరు, పంగిడి ప్రాంతంలో లావా కింది సున్నపురాయిలో టరిటెల్లా ఉంది. మరమేకులా మెలికలు తిరిగిన సముద్రపు నత్త ఇది. లావా పొరల నడుమ ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల ఇసుకరేణువంత గుల్లలు కూడా ఉన్నాయి. నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మే సాక్షులు ఇవే. వీటిలో నీటిలో తేలుతూ బతికే జాతులు సముద్రాన్ని వదిలి ఉండవు. కాలంతోపాటు త్వరగా మారిపోతాయి కాబట్టి పొర వయసు కూడా చెబుతాయి. డైనోసార్లు అంతరించిన వెంటనే, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పుట్టిన జాతులను భూశాస్త్రజ్ఞురాలు గెర్టా కెల్లర్ బృందం 2008లో ఇక్కడే చూపించింది.

అపోహ: ఖండాలు విడిపోగానే సముద్రం ఒక్కసారిగా విరుచుకుపడింది.

ప్రళయం ఏమీ రాలేదు. భూమి పైపొర సాగి, పలుచబడి, కోట్ల ఏళ్లపాటు కుంగింది. కొత్తగా పుట్టిన సముద్రగర్భపు పర్వతశ్రేణులు వేడికి ఉబ్బి నీటిని పైకి నెట్టాయి. పల్లపు నేలల్లోకి నీరు చేరింది, వెనక్కి తగ్గింది, మళ్లీ చేరింది. అంటార్కిటికా నుంచి భారత్ వేరుపడ్డాక ఏర్పడిన రాఘవాపురం షేల్ అనే బురద గట్టిపడిన రాతిపొరలో, గోదావరి వైపే, సముద్రజీవి అమ్మోనైట్‌తోపాటు నేలమీది మొక్క టిలోఫిల్లం ఆకుల ముద్రలూ ఉన్నాయి. తీరం ఎంత దగ్గరో చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి! పడమటి నుంచి నర్మదా లోయలోకి వచ్చిన సముద్రం బాగ్ పొరలు అనే సముద్రపు రాతిపొరలను మిగిల్చింది.

అపోహ: లోతట్టున సముద్ర శిలాజం ఉంటే ఖండాల విభజనే కారణం.

కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని మనేంద్రగఢ్ శిలాజాలు సుమారు 28 కోట్ల ఏళ్ల నాటివి. భారత్, అంటార్కిటికా కలిసి ఉన్న గోండ్వానా మహాఖండం అప్పటికింకా చీలలేదు. మంచుయుగపు హిమం కరిగి సముద్రం లోపలికి వచ్చింది.

అపోహ: హైదరాబాద్ బండల్లో వెతికితే శిలాజాలు దొరుకుతాయి.

మన గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట కరిగిన శిల చల్లారి గట్టిపడినది. రాతి పగుళ్లలో నాచుకొమ్మల్లా కనిపించే నల్లటి గీతలు ఎక్కువగా మాంగనీసు ఖనిజాలే, శిలాజాలు కావు.

ఇక ఒక విన్నపం. గోదావరి వైపు క్వారీల్లో శిలాజం కనిపిస్తే ఊడబెరకకండి. పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీయండి. అది లావాకు పైన ఉందో, కింద ఉందో తప్పక రాసుకోండి. పొర తెలియని శిలాజం సముద్రం ఎప్పుడు వచ్చిందో చెప్పలేదు.