98.7 శాతం చూసి పేరు పెట్టేయకండి

విశాఖపట్నంలో సముద్ర బ్యాక్టీరియాపై పనిచేస్తున్న నన్ను పరిశోధక విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “పాలిపోయిన పగడం మీది బ్యాక్టీరియా అండి, 16ఎస్ పోలిక 97.4 శాతమే వచ్చింది, కొత్త జాతే కదా?” 16ఎస్ అంటే బ్యాక్టీరియాను గుర్తించడానికి చదివే ఒక జన్యువు; తెలిసిన జాతుల అదే జన్యువుతో అది ఎంత శాతం కలుస్తుందో ఈ పోలిక చెబుతుంది.

అపోహ: 16ఎస్ పోలిక 98.7 శాతం కంటే తగ్గితే అది కొత్త జాతి.

వాస్తవం: ఆ సంఖ్య జీనోమ్‌ను, అంటే మొత్తం డీఎన్ఏను, పోల్చి చూడమని చెబుతుందే గానీ తీర్పు ఇవ్వదు. దాదాపు 1,500 బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు) ఉండే జన్యువులో 700 మాత్రమే చదివించి, సీక్వెన్స్‌లను వెతికి పోల్చే సాధనమైన బ్లాస్ట్‌లో పైన కనిపించిన పేరులేని సీక్వెన్స్‌తో పోల్చి సంబరపడడం సరికాదు. పోలిక టైప్ స్ట్రెయిన్లతోనే, అంటే ఒక్కో జాతికి ప్రమాణంగా భద్రపరిచిన నమూనాలతోనే, జరగాలి. అన్నిటికంటే ముందు కల్చర్ (ప్రయోగశాలలో పెంచిన బ్యాక్టీరియా) శుద్ధంగా, ఒకే రకంతో ఉండాలి.

నా విద్యార్థి దశలో సముద్ర బ్యాక్టీరియాను పెంచే జోబెల్ మెరైన్ అగర్ ప్లేటుపై లేత నారింజ రంగు కాలనీ ఒకటి పెరిగింది. దాని అంచున, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తప్ప కనిపించనంత పలుచని పొర పాకి ఉండేది. అదీ ఆ కాలనీలో భాగమేనని అనుకున్నాను. డీఎన్ఏ చదివినప్పుడు వచ్చే గ్రాఫ్ అయిన క్రోమటోగ్రామ్‌లో, రెండు రకాలు కలిశాయని సూచించేలా ఒకే చోట రెండేసి శిఖరాలు కనబడుతున్నా, పోలిక తక్కువగా వచ్చిందన్న సంతోషంలో వాటిని పట్టించుకోలేదు. ఎనిమిది నెలల తరువాత మళ్ళీ మళ్ళీ స్ట్రీక్ చేసి (ప్లేటుపై పలుచగా గీసి) వేరుచేస్తే ఆ రెండూ ఎప్పుడో పేరున్న జాతులేనని తేలింది. అందుకే గడువు దగ్గరపడి కళ్ళనీళ్ళతో వచ్చే పిల్లలను నేను మందలించలేను. ముందు ఆ ప్లేటును వెలుతురుకు ఎత్తి చూపించమంటాను.

ఇందుకు ఎదురు తప్పు కూడా ఉంది. విబ్రియో అనే బ్యాక్టీరియా ప్రజాతిలో 16ఎస్ 99 శాతం దాటి పోలినా వేర్వేరు జాతులైనవి ఉన్నాయి కనుక, పోలిక ఎక్కువగా వచ్చిందని స్ట్రెయిన్‌ను పారేయకండి. జీనోమ్‌ల సగటు న్యూక్లియోటైడ్ పోలిక 95–96 శాతం కంటే, డిజిటల్ డీఎన్ఏ హైబ్రిడైజేషన్ (జీనోమ్‌ల దగ్గరితనాన్ని కంప్యూటర్‌పై లెక్కించే మరో కొలత) విలువ 70 శాతం కంటే తక్కువ ఉన్నప్పుడే కొత్త జాతి అన్న వాదన నిలబడుతుంది.

అపోహ: పాలిపోయిన పగడంపై దొరికిన బ్యాక్టీరియాయే దాన్ని పాలిపోయేలా చేసింది.

వాస్తవం: నీరు వేడెక్కినప్పుడు పగడం తనలోని శైవలాలను కోల్పోవడమే విస్తృతంగా పాలిపోవడానికి ప్రధాన కారణం. ఆరోగ్యంగా ఉన్న పగడంపైనా బ్యాక్టీరియా ఉంటుంది. విబ్రియో కొరాలిలిటికస్ వంటి వ్యాధికారకాలు ఉన్న మాట నిజమే గానీ, దొరికిన ప్రతిదాన్నీ దోషిని చేయడం అన్యాయం. కొత్త బ్యాక్టీరియా వార్త రాగానే ఆర్కే బీచ్‌లో కాళ్ళు తడుపుకోకూడదంటూ తిరిగే వదంతులకు ఆధారం లేదు. కొత్తగా పేరు పెట్టినంత మాత్రాన అది కొత్తగా పుట్టిందని గానీ, రోగం తెస్తుందని గానీ అర్థం కాదు.

అపోహ: పత్రిక వ్యాసం అచ్చయితే పేరు ఖాయం.

వాస్తవం: వ్యాసం ఒక్కటే చాలదు. టైప్ స్ట్రెయిన్‌ను కనీసం రెండు వేర్వేరు దేశాల్లోని కల్చర్ కలెక్షన్లలో (బ్యాక్టీరియాను భద్రపరిచే సంస్థల్లో) జమచేసి, ఆ ధ్రువపత్రాలు చూపాలి. కాబట్టి మొదటి శుద్ధ కల్చర్ దొరికిన రోజునే గ్లిసరాల్ స్టాకులు (గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించి దాచే నమూనాలు) నాలుగైదు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచి, పెట్టె మీద తేదీ వేయండి.