బయట వెలిగే ప్లగ్గు లోపల ఎందుకు వెలగదు?

పాత పెట్రోలు కారు మిస్సింగ్ మొదలుపెడితే, అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు అంటుకోకుండా పోతుంటే, ముందు చెవికే తెలుస్తుంది. సమంగా రావాల్సిన చప్పుడులో ఉండుండి ఒక దెబ్బ తగ్గుతుంది, బండి చిన్నగా ఊగుతుంది, సైలెన్సర్ వెనక చెయ్యి పెడితే గాలి ఆగి ఆగి తగులుతుంది. వెంటనే చాలామంది చేసే పని పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్ విప్పడం. నేనూ చేశాను. ఒక ఆదివారమంతా దాని జెట్లు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలు) కడుక్కుంటూ కూర్చున్నాను, బిగించి స్టార్ట్ చేస్తే అదే కుంటి నడక.

అసలు ముందు తేల్చుకోవాల్సింది మిస్ అవుతున్నది ఒక్క సిలిండరా, అన్నీనా అని. ఇంజన్ ఆపి, ఒక సిలిండర్‌లో స్పార్క్ (నిప్పురవ్వ) పుట్టించే ప్లగ్గు నుంచి వైరు తీసి, దానికి ఇంకో ప్లగ్గు తగిలించి ఇంజన్ బాడీకి గట్టిగా ఆనించి ఉంచి (వైరు గాల్లో వదిలేస్తే ఆ కరెంటు పుట్టించే కాయిల్‌కి ప్రమాదం, చేత్తో పట్టుకుంటే మనకి), మళ్లీ స్టార్ట్ చేయాలి. ఆ సిలిండర్ అంతవరకూ పనిచేస్తూ ఉంటే ఇంజన్ ఇంకా కుంటుతుంది. ఏ తేడా రాలేదంటే దొంగ దొరికినట్టే. దాని ప్లగ్గుని పక్క సిలిండర్ ప్లగ్గుతో మార్చి చూడండి, జబ్బు కూడా పక్కకి వెళ్లిందా, తప్పు ప్లగ్గుదే. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి చచ్చాయంటే మాత్రం వాటి మధ్య హెడ్ గాస్కెట్ (సిలిండర్ల పైమూత కింద ఉండే సీలు) కాలిపోయిందేమో చూడాలి.

అన్నీ వంతులవారీగా తప్పుతున్నాయంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న వాటి మీదకి పోవాలి, అంటే కాయిల్, దాని కరెంటుని కలిపి తెంచే పాయింట్లు, వాటి పక్కనుండే కండెన్సర్, కరెంటుని ప్లగ్గులకి వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటర్. 1910 మోడల్ క్యాడిలాక్ కార్లలో అమెరికన్ ఇంజనీర్ చార్లెస్ కెటరింగ్ పెట్టిన పద్ధతే దశాబ్దాల పాటు దాదాపు అన్ని పెట్రోలు కార్లలోనూ నడిచింది. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం తయారవుతుంది, తెరుచుకోగానే అది ఒక్కసారిగా కూలి, 12 వోల్టుల బ్యాటరీ నుంచి వేల వోల్టులు పుడతాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఇది సెకనుకి 100 సార్లు జరగాలి! పాయింట్ల మధ్య సందు మాత్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ సందులో నిప్పు ఎగరకుండా కరెంటుని ఒక్క క్షణం తనలోకి తీసుకునేది కండెన్సర్. అది పోతే పాయింట్లు నల్లగా మాడతాయి, స్పార్క్ నీరసపడుతుంది.

ఇక్కడ అందరూ మోసపోయే సంగతి ఒకటుంది. ప్లగ్గు బయటికి తీసి చూస్తే స్పార్క్ చక్కగా కనిపిస్తుంది, "కరెంటు బాగానే ఉంది" అని తేల్చేస్తాం. కానీ స్పార్క్ దూకడానికి ఎంత వోల్టేజీ కావాలన్నది సందు మీదే కాదు, గాలి పీడనం మీద కూడా ఆధారపడుతుందని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పాషెన్ 1889లోనే చూపించాడు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు సిలిండర్ నిండా గాలి చేరి, నొక్కుకుపోయి, బయటి గాలి కన్నా సుమారు 10 రెట్ల పీడనానికి చేరుతుంది. బయట సులువుగా దూకిన స్పార్క్‌కి అక్కడ దారి దొరకదు. అందుకే నీరసపు కాయిల్ ఉన్న బండి ఐడిల్‌లో బుద్ధిగా ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గడం మొదలుపెడుతుంది. కాయిల్ వేడెక్కాకే మొరాయించే రకమైతే ఇంకా టెన్షన్, చల్లారితే మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

స్పార్క్‌లో ఏ లోపమూ లేదని తేలితే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూడాలి. ఒక సిలిండర్‌లో తక్కువగా ఉంటే ప్లగ్గు రంధ్రంలో కొంచెం ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలవండి, పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులో గాస్కెట్టో. కార్బురేటర్ జోలికి ఆ తర్వాతే పోదాం, అదీ ముందు దాని కింద ఎక్కడైనా గాలి లాగుతోందేమో చూశాక.

నా బండి సంగతి చివరికి చీకట్లో బయటపడింది. రాత్రి లైట్లన్నీ ఆపి, బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా చూస్తే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ (మూత) మీద ప్లగ్ వైరు తగిలే ఒక కొన నుంచి పక్క కొనకి సన్నటి నీలం గీత ఒకటి పాకుతూ కనిపించింది. పగలు అదే చోట చూస్తే వెంట్రుకంత పగులు, అందులో మసి. క్యాప్ తుడిచినప్పుడల్లా ఆ పగులుని ఉత్త గీటు అనుకుని వదిలేశాను.