మోషే ఆ గూట్లో ఎందుకు ఇమడలేదు: ఒక సమాధి వెనుక 40 ఏళ్ల ఒప్పందాలు

రోమ్‌లోని సాన్ పియెత్రో ఇన్ వింకొలి చర్చిలో పోప్ రెండో జూలియస్ సమాధి చూడటానికి వెళ్లినవాళ్లలో చాలామంది మైకెలాంజెలో చెక్కిన బైబిల్ ప్రవక్త మోషే విగ్రహం దగ్గరే ఆగిపోతారు. నాలుగడుగులు వెనక్కి వేసి కట్టడమంతా చూడండి, అతుకులు బయటపడతాయి. కింది అంతస్తు నిండా సన్నటి నగిషీ, పై అంతస్తు దాదాపు బోడి. మధ్యలో మోషే, చోటు చాలనట్టు. ఈ శిల్పాలకు ప్రతీకార్థాలు వెతికే ముందు వీటి వెనకున్న ఒప్పందాలు తెలియాలి.

1505లో జూలియస్ అడిగింది వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిలో నాలుగు వైపులా తిరిగి చూసే సమాధి, సుమారు 40 విగ్రహాలతో. పాలరాయి కోసమే మైకెలాంజెలో కరారా గనుల్లో ఎనిమిది నెలలు గడిపాడు. మరుసటి ఏడాదికే పోప్ దృష్టి కొత్త సెయింట్ పీటర్స్ మీదికి మళ్లింది. 1513లో ఆయన పోయాక వారసులు సమాధిని గోడకు ఆనించమన్నారు. 1516, 1532, 1542 ఒప్పందాలతో అది చిక్కిపోయి, 1545లో ఏడు విగ్రహాలతో తేలింది. పోప్ దేహం అందులో లేనే లేదు, సెయింట్ పీటర్స్‌లో ఉంది.

మోషేని పై అంతస్తు కోసం, కింద నిలబడి తలెత్తి చూసే కళ్ల కోసం తలపెట్టారు. ఇప్పుడేమో దాదాపు మన ఎదురుగా కూర్చున్నాడు. అందుకే మొండెం సాగినట్టు, గడ్డం మరీ బరువుగా అనిపిస్తాయి. కాస్త దూరంలో మోకాళ్ల మీద కూర్చుని చూస్తే ఆ కొలతలు కుదురుకుంటాయి. తలమీది కొమ్ములు చూసి దెయ్యం పోలిక అనుకోవడం మామూలు పొరపాటు. హెబ్రూలో కిరణాలు వెలువడటానికీ కొమ్ముకీ ధాతువు ఒకటే. బైబిల్ లాటిన్ అనువాదం కొమ్మునే పట్టుకుంది, చిత్రకారులూ శిల్పులూ దాన్నే అనుసరించారు. మన తెలుగు బైబిల్ నిర్గమకాండము 34లో మాత్రం ప్రకాశించిన ముఖమే ఉంటుంది.

ఇక కింది అంతస్తులో ముందుకు పొడుచుకొచ్చిన పీఠాలు చూడండి. వాటిమీద తలకిందులుగా పెట్టిన వంపు దిమ్మెలున్నాయి. అవి చోటు నింపడానికి పెట్టినవి. అక్కడ నిలబడాల్సినవి బందీల విగ్రహాలు. ఆ బందీల్లో ఇద్దరు ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్నారు, సగం చెక్కిన నలుగురు ఫ్లోరెన్స్ అకాడెమియా మ్యూజియంలో. లూవ్ర్‌లోని 'మరణిస్తున్న బందీ' కాలి వెనక్కి వెళ్లి చూస్తే పూర్తిగా తేలని కోతి ఒకటి కనిపిస్తుంది. కళ ప్రకృతిని అనుకరించే కోతి అన్న పాత భావనను బట్టి కొందరు దీన్ని చిత్రకళకు గుర్తుగా చదివారు. శిల్పి బతికుండగా రాసిన జీవితచరిత్రల్లోనే మాట కలవదు: వసారి 1550లో వీళ్లను పోప్ లొంగదీసిన రాజ్యాలన్నాడు, కొండివి 1553లో పోప్ మరణంతో బందీలైన కళలన్నాడు. ఒక్క అర్థానికే కట్టుబడితే ఈ శిల్పాలకు అన్యాయం చేసినట్టే.

మరి లూవ్ర్‌లోని ఆ ఇద్దరు బందీలు సమాధికి ఎందుకు చేరలేదు? 1542లో పోప్ మూడో పాల్‌కి పెట్టుకున్న అర్జీలో మైకెలాంజెలోయే చెప్పాడు: పని చాలా పెద్దదిగా ఉండబోతున్నప్పుడు చెక్కినవి, చిన్నదైన ఈ కట్టడానికి నప్పవు. వాటి బదులు బైబిల్లోని అక్కచెల్లెళ్లను, ధ్యాన జీవితానికి రాహేలునీ కర్మ జీవితానికి లేయానీ చెక్కి మోషేకి చెరో పక్క నిలబెట్టాడు. రాహేలు చేతులు జోడించి పైకి చూస్తోంది.