లోపల బీడీ దొరకట్లేదు, అంటే మానేసినట్టేనా? (జైలు కౌన్సెలింగ్‌లో రోజూ వినే అపోహలు - వాస్తవాలు)

మొన్న ములాఖత్ క్యూలో ఒక పెద్దావిడ ఆపింది. "సార్, మావాడు లోపలికెళ్లి ఏడు నెలలైంది, బీడీ ముట్టలేదంట, ఇంక మానేసినట్టే కదా" అంది. ఆ మొహం చూసి కాదనబుద్ధి కాలేదు గానీ కాదనే చెప్పా. పొగాకు మాన్పించే కౌన్సెలింగ్‌కి వారానికోసారి జైలుకెళ్తుంటా, ఈ మాట ఇంట్లోవాళ్లు అంటారు, వార్డర్లు అంటారు, ఖైదీలూ అంటారు.

దొరక్క తాగకపోవడం వేరు, దొరికినా తాగకపోవడం వేరు. (అసలు దొరకదన్నదే సగం అబద్ధం, లోపల బీడీ అంటే డబ్బుతో సమానం, దానికోసం అప్పులు చేసేవాళ్లూ ఉంటారు.) ఆపాక మొదటి 2-3 రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం గట్టిగానే ఉంటాయి, 2 నుంచి 4 వారాల్లో చాలామందికి సర్దుకుంటాయి. అంటే ఒంటి సంగతి అయిపోయింది, కానీ టీ తాగగానే, బస్టాండ్‌లో నిలబడగానే, పాత దోస్తు కనబడగానే చెయ్యి జేబులోకి పోతుంది చూడండి, దానికి లోపల పరీక్షే జరగలేదు.

నేనూ ఇందులో బోల్తా పడ్డవాణ్నే. ఒక లారీ డ్రైవరు, 14 నెలలు ముట్టలేదు, "సక్సెస్" అని రిజిస్టర్‌లో రాసేసుకున్నా. సాయంత్రం బెయిల్ మీద వదిలారు, నేను బండి తీస్తుంటే ఎదురుగా పాన్ డబ్బా దగ్గర ఉన్నాడు, చంకలో బట్టల సంచి, నన్ను చూసి బీడీ వీపు వెనక దాచాడు, పొగ మాత్రం భుజం మీద నుంచి లేస్తోంది. "ఒక్కటే సార్" అన్నాడు. ఇంటికి ఫోన్ కూడా చెయ్యలేదింకా. తప్పు వాడిది కాదు, గేటు బయట మొదటి గంట గురించి నేను ఒక్క ముక్కైనా మాట్లాడలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఆపితే పిచ్చెక్కుతుందట, ఎక్కదు. కాకపోతే ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి మానసిక మందులు వాడేవాళ్లు జైలు డాక్టర్‌కి చెప్పే ఆపాలి, పొగ ఆగితే రక్తంలో ఆ మందు మోతాదు పెరుగుతుంది. బీడీ ఆకుది కాబట్టి సిగరెట్ కన్నా నయమంటారు, ఆరిపోకుండా గట్టిగా పీల్చాలి కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇంకా ఎక్కువే పోతాయి. పైగా కిక్కిరిసిన బ్యారక్‌లో టీబీ భయం ఎలాగూ ఉంది, పొగ దాన్ని ఇంకా పెంచుతుంది. పొగాకు మానేవాళ్లకి నమలమనిచ్చే నికోటిన్ గమ్ ఇంకో వ్యసనమంటారు, 2022లో జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలోనే చేర్చారు. పనిచెయ్యలేదనేవాళ్లు చాలావరకు దాన్ని బబుల్‌గమ్‌లా నమిలేస్తారు, ఎక్కిళ్లొస్తాయి అంతే. ఘాటు తెలియగానే బుగ్గన పెట్టి ఆపాలి, ఘాటు పోయాక మళ్లీ నమలాలి, నోట్లో ఉన్నంతసేపూ టీ వద్దు.

ఇప్పుడు విడుదలకి నెల ముందు నుంచే అడుగుతున్నా, తీసుకెళ్లడానికి ఎవరొస్తున్నారు, వాళ్లు తాగుతారా, మొదటి టీ ఎక్కడ అని. పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం చేసే క్విట్‌లైన్ నంబర్ 1800-11-2356, ఫ్రీయే, చీటీ మీద రాసిచ్చి చొక్కా జేబులో పెట్టుకోమంటా.

పోయిన వారం ఒకణ్ని అడిగితే "మా బావమరిది దగ్గర దిగుతా సార్, అక్కడే టీ" అన్నాడు. బావమరిది ఏం చేస్తాడంటే, పాన్ డబ్బా. ఇంకో గంట కూర్చున్నాం.